పసిపిల్లలున్న ఇంట్లో సాయంకాల జపమాల: అయిదు దేవరహస్యాలా, ఒక్కటి చాలునా?

తెనాలి కోడలు

అందరికీ వందనాలు. మా ఇంట్లో కొన్ని నెలలుగా నలుగుతున్న ఒక విషయం మీద ఇక్కడి తల్లిదండ్రుల, పెద్దల అభిప్రాయం తెలుసుకోవాలని రాస్తున్నాను. మాకు ఆరేళ్ల అమ్మాయి, మూడేళ్ల అబ్బాయి ఉన్నారు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. సాయంత్రం ఏడున్నరకు పీఠం దగ్గర కొవ్వొత్తి వెలిగించి అయిదు దేవరహస్యాలు (ఒక్కోదానికి యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టాన్ని ధ్యానిస్తూ పది మంగళవార్త జపాలు), ఆ తరువాత మరియమ్మ బిరుదులు వరుసగా పలికే దేవమాత ప్రార్థన, చనిపోయిన వారి కోసం జపాలు చెప్పి, చివర ఒక పాట పాడడం ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి తప్పని ఆనవాయితీ. మొత్తం ముప్పావుగంట పడుతుంది. మొదటి రహస్యం పూర్తయ్యే వరకు పిల్లలు బాగానే కూర్చుంటారు. రెండోదానికి వచ్చేసరికి చిన్నవాడు కొవ్వొత్తి ఊదబోతాడు, పెద్దది వాణ్ణి గిల్లుతుంది, వాడు ఏడుస్తాడు, నేను గొంతు తగ్గించి కసురుతాను, అత్తయ్యగారు కళ్లు తెరవకుండానే స్వరం పెంచుతారు.

ఏడేళ్లు నిండే వరకు పిల్లలను వదిలేద్దామని మావారు అంటారు. ఇప్పుడు మోకరించని పిల్లలు పెద్దయ్యాక అసలే మోకరించరని అత్తయ్యగారు అంటారు. జపమాల అంటే తిట్లు తినే వేళ అన్న ముద్ర నా పిల్లల మనసులో పడిపోతుందేమోనన్నది నా భయం. ఎవరిది ఒప్పో తేల్చమని అడగడం లేదు. ఈ వయసు పిల్లలతో మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో, ఏ అలవాటు నిలిచిందో, ఏది నిలవలేదో కాస్త వివరంగా చెప్పగలరా?

ఫిరంగిపురం మాస్టారు

అమ్మా, మీ అత్తయ్యగారి పక్షాన ఒకరైనా మాట్లాడాలి కనుక నేను ముందుగా అందుకుంటున్నాను. మా చిన్నప్పుడు సాయంత్రం గుడి గంట మోగగానే దారిన పోయేవారు కూడా ఆగి త్రికాల జపం చెప్పుకునేవారు. దీపాలు పెట్టాక ఇంటింటా జపమాల వినిపించేది. మాకు మరియమ్మకు చెప్పే మంగళవార్త జపాన్ని కూర్చోబెట్టి నేర్పిన వారెవరూ లేరు. పెద్దవాళ్లు రోజూ చెబుతూ ఉంటే వింటూ వింటూ అదే నోటికి వచ్చింది. మొదటి సగం నాన్నగారు అందుకుంటే రెండో సగం మేమంతా అందుకునేవాళ్లం. సగం మాటలకు అర్థం తెలియకపోయినా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మాత్రం తెలిసేది. మా అమ్మగారు చివరి రోజుల్లో మా పేర్లు మరిచిపోయారు గాని, పక్కన ఎవరైనా మొదటి సగం చెబితే రెండో సగం తడుముకోకుండా చెప్పేవారు. చిన్నతనంలో చెవిన పడినది అంత లోతుకు దిగుతుంది. ఏడేళ్లు వచ్చాక చూద్దామంటే, ఆ చెవులు అప్పటికే వేరే ధ్వనులతో నిండిపోయి ఉంటాయి.

అయితే ఒక మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లో పిల్లలందరూ చివరి వరకు మోకాళ్ల మీద ఉన్నారని ఎవరైనా అంటే నమ్మకండి. మూడో రహస్యానికల్లా మేము చాప మీద ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయేవాళ్లం. ఎవరూ లేపేవారు కారు. జపం ముగిశాక ఎత్తుకుపోయి పడుకోబెట్టేవారు.

బోడుప్పల్ నాన్న

మాస్టారి చివరి పేరాలోనే తెనాలి అక్క ప్రశ్నకు సగం జవాబు ఉందనిపిస్తోంది. మాది హైదరాబాదులో అపార్ట్‌మెంటు జీవితం. నేను ఇంటికి చేరేసరికి ఎనిమిది దాటుతుంది, పిల్లలు తొమ్మిదికి పడుకోవాలి. మేము రోజుకు ఒక్క దేవరహస్యమే చెబుతాం. దాన్ని తగ్గింపు అనుకోవడం మానేసి, అదే మా ఇంటి నియమం అనుకున్నాకే అది నిలబడింది. అయిదు రహస్యాలు చెప్పాలన్న పట్టుదల ఉన్న రోజుల్లో వారంలో సగం రోజులు ఏదో ఒక సాకుతో అసలు జపమే ఉండేది కాదు.

పద్ధతి ఇది. జపమాల ధ్యానాల్లోని ఘట్టాలకు అట్టముక్కల మీద బొమ్మలు అతికించి ఒక డబ్బాలో పెట్టాను. సోమవారం, శనివారం సంతోష రహస్యాలు, మంగళవారం, శుక్రవారం దుఃఖ రహస్యాలు, బుధవారం, ఆదివారం మహిమ రహస్యాలు, గురువారం వెలుగు రహస్యాలు అన్న క్రమం పిల్లలకు వచ్చేసింది. ఆ రోజు వరుసలోంచి ఒక బొమ్మ తీసి, అందులో ఏం జరుగుతోందో మా అమ్మాయి రెండు మాటల్లో చెబుతుంది. మరియమ్మ ఎలిశబెతమ్మను చూడడానికి కొండ ఎక్కి వెళ్లిన బొమ్మ వచ్చిన రోజు, ఆమె బస్సులో ఎందుకు వెళ్లలేదన్న చర్చ కూడా జరుగుతుంది. ఆ తరువాత పది మంగళవార్తలు, తండ్రి, కుమార, పవిత్రాత్మలను స్తుతించే త్రిత్వస్తోత్రం, అంతే. రహస్యాల సంఖ్య కూడా రాతి మీద చెక్కినది కాదు కదా. వెలుగు రహస్యాలు 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు చేర్చినవే.

ఇంకొకటి. పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమ్మ దర్శనం పొందిన ముగ్గురు పిల్లలు, గొర్రెలు కాసే వేళ ఆటకు టైము చాలక, ప్రతి పూసకూ జపం మొత్తం చెప్పకుండా మొదటి మాటలు మాత్రమే చెప్పి జపమాల ముగించేవారట. ఆ ముగ్గురిలో ఒకరైన లూసియమ్మ పెద్దయ్యాక తానే ఆ సంగతి రాశారు. 1917లో దేవమాత అలాంటి పిల్లలకే కనిపించింది.

ఫిరంగిపురం మాస్టారు

నాయనా, ఫాతిమా కథను సగంలో ఆపావు. పిల్లలు అలా చెప్పేవారన్నది నిజమే. కాని దర్శనంలో తల్లి వారిని అడిగింది ప్రతిరోజూ జపమాల చెప్పమనే. ఆ ముగ్గురిలో ఒకడైన ఫ్రాన్సిస్కో పరలోకానికి వస్తాడా అని లూసియ అడిగినప్పుడు, వస్తాడు గాని చాలా జపమాలలు చెప్పాలని జవాబు వచ్చింది. ఆ పిల్లవాడు ఆ మాటను పట్టుకుని ఆటలు మాని ఒంటరిగా జపమాల చెప్పుకునేవాడు. 2017లో అతణ్ణీ, మూడో పిల్ల అయిన అతని చెల్లెలు జసింతానూ పునీతులుగా ప్రకటించింది పొట్టి జపమాల చెప్పినందుకు కాదు. నీ బొమ్మల డబ్బా మాత్రం నాకు నచ్చింది.

సత్యోపదేశం టీచరు, గుంటూరు

నేను మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, చాలా కాలంగా చిన్న పిల్లలకు ఆదివారపు సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠాలు, చెబుతున్నాను. మాస్టారుగారు, బోడుప్పల్ తమ్ముడు చెప్పినవాటిలో నాకు పెద్ద విరోధం కనిపించడం లేదు. కుటుంబమే ప్రార్థనకు మొదటి బడి అని సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. మూల జపాలను కంఠతా పట్టించడం ఎంతో అవసరమని, అయితే వాటి అర్థాన్ని పిల్లలు రుచి చూసేలా చేయడం కూడా ముఖ్యమని ఆ గ్రంథమే అంటుంది. మాస్టారుగారు మొదటి సగం చెప్పారు, తమ్ముడు రెండో సగం చెప్పాడు. కుటుంబ జపమాలను శ్రీసభ (కతోలిక సంఘం) ఎంతగా ప్రోత్సహించినా, ఇన్ని రహస్యాలు చెప్పకపోతే పాపమని ఎక్కడా అనలేదు. ఆదివారపు దివ్యబలిపూజలో పాల్గొనే బాధ్యత సైతం ఏడేళ్లు నిండిన వారికే వర్తిస్తుంది. 2016లో కుటుంబ ప్రేమ గురించి రాసిన లేఖలో ఫ్రాన్సిస్ పోపుగారు కూడా రోజూ కొన్ని నిమిషాలు కలిసి దేవుని ఎదుట నిలబడి, దిగుళ్లు చెప్పుకుని, ఇంటి అవసరాలు అడిగి, కష్టంలో ఉన్నవారి కోసం ప్రార్థించి, కృతజ్ఞత చెప్పమనే అన్నారు.

తెనాలి చెల్లెమ్మా, మీ చిన్నవాడి వయసు పిల్లలు మాటలతో కాదు, చేతులతో ప్రార్థిస్తారు. వాడికి ముందు కావలసింది సిలువ గుర్తు. కుడి చేయి పట్టుకుని నుదుటికి, గుండెకు, ఎడమ భుజానికి, కుడి భుజానికి నెమ్మదిగా తీసుకెళ్లండి. మా క్లాసుకు వచ్చే పిల్లల్లో చాలామంది ఈగను తోలినట్టు చేయి ఊపుతారు, దానికి కారణం పెద్దవాళ్లు అలా చేయడమే. కొవ్వొత్తి ఊదే పని వాడికే అప్పగించండి, కాని చివరి పాట అయ్యాక మాత్రమే అని చెప్పండి. ఆ ఒక్క పని కోసం వాడు ఎంతసేపు ఓపిక పడతాడో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

రాత్రి పడుకోబెట్టేటప్పుడు నుదుటి మీద బొటనవేలితో చిన్న సిలువ వేయడం మానకండి. జ్ఞానస్నానం రోజున గురువుగారి తరువాత తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు బిడ్డ నుదుటి మీద వేసిన గుర్తు అదే. జుట్టు పక్కకు తీసి, తండ్రి ఒక్క నిమిషం వంగి ఆ గుర్తు వేస్తే, ఆ పిల్లకు ఎన్ని క్లాసులు చెప్పినా అందని సంగతి అందుతుంది. కొన్నాళ్లకు పిల్లలు తిరిగి మన నుదుటి మీద వేస్తామంటారు, వేయనివ్వండి. పరీక్షకు వెళ్లేటప్పుడు, ఊరికి బయలుదేరేటప్పుడు, జ్వరంగా ఉన్నప్పుడు కూడా ఇలా చేసే ఇళ్లు మా విచారణలో ఉన్నాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. అల్లరి చేసినందుకు శిక్షగా మూడు మంగళవార్తలు చెప్పించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో గురువుగారు ఇచ్చే ప్రాయశ్చిత్తానికి, ఇంట్లో కోపంగా విధించే శిక్షకు తేడా ఆరేళ్ల పిల్లకు తెలియదు. దయచేసి జపాన్ని గోడకుర్చీ చేయకండి.

కువైట్ నాన్న

తండ్రి నుదుటి మీద సిలువ వేయడం గురించి టీచరమ్మ రాసినది చదివి నేనూ రాస్తున్నాను. మా వాళ్లు కృష్ణా జిల్లాలో ఉంటారు, నేను ఇక్కడ. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే ఇక్కడ ఆరు, నా డ్యూటీ దిగే వేళ. మొదట్లో వీడియో కాల్‌లో అందరం కలిసి జపమాల చెప్పాలని చూశాం. సిగ్నల్ ఒక్క క్షణం వెనకబడుతుంది కనుక నా మాట, వాళ్ల మాట ఒకదాని మీద ఒకటి పడి పిల్లలకు నవ్వొచ్చేది. ఇప్పుడు జపం చెబుతున్నంతసేపూ నా మైకు ఆపేస్తాను. వాళ్లు చెబుతారు, నేను బస్సులోనో గదిలోనో పూసలు తిప్పుతాను. చివరకు మైకు తెరిచి, ఇద్దరి పేర్లూ పిలిచి, దీవెన మాటలు నేను చెబుతాను. అదే సమయంలో మా ఆవిడ వాళ్ల నుదుటి మీద గుర్తు వేస్తుంది. మాట నాది, చేయి ఆమెది.

ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కావడంతో పూజకు జనం ఎక్కువగా వచ్చేది కూడా ఆ రోజే. ఆదివారం నాడు నాన్న గుడికి ఎందుకు వెళ్లలేదని మా చిన్నది నిలదీస్తుంది.

తెనాలి కోడలు

ఇన్ని సమాధానాలు వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. అత్తయ్యగారికి మాస్టారుగారి మొదటి పేరా చదివి వినిపించాను, చాలా సంతోషించారు. రెండో పేరా కూడా చదివాను, కాసేపు మాట్లాడలేదు. తరువాత, మీ మామయ్యగారు కూడా అలాగే నిద్రపోయేవారని అన్నారు.

ఇంకొక సందేహం. మామయ్యగారు పోయిన ఏడాది కాలం చేశారు. మా అమ్మాయికి ఆయనంటే ప్రాణం. మొన్న మంగళవార్త జపం మధ్యలో ఆగి, మా మరణ సమయమందు ప్రార్థించండి అని రోజూ ఎందుకు అడుగుతున్నాం, మనం కూడా తాతయ్యలాగా వెళ్లిపోతామా అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచక, అదేమీ లేదులే అని దాటేశాను. ఆ రాత్రి నా పక్కనే పడుకుంటానని పట్టుబట్టింది.

సత్యోపదేశం టీచరు, గుంటూరు

ఈ ప్రశ్న క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు, సాధారణంగా ఇంట్లో ఒకరు పోయిన ఏడాది. దాటేయడం కంటే, ఆ పిల్ల వయసుకు తగినంత నిజం చెప్పడమే మంచిది. తాతయ్య నిద్రపోయాడని చెప్పకండి, పిల్లలకు నిద్రంటే భయం పట్టుకుంటుంది. మంచివాడు కనుక దేవుడు తీసుకుపోయాడని కూడా చెప్పకండి, అప్పుడు మంచిగా ఉండడానికే భయపడతారు. తాతయ్య శరీరం బాగా జబ్బుపడి ఆగిపోయిందని, ఆయన దేవుని చేతుల్లో ఉన్నారని మనం నమ్ముతామని, ఆయన కోసం మనం ప్రార్థిస్తామని, ఆయన కూడా మనల్ని మరిచిపోలేదని చెప్పవచ్చు. మనం అందరం ఒక రోజు వెళతాం, ఆ రోజున కూడా ఒంటరిగా ఉండకుండా పక్కన ఉండమనే మరియమ్మను ముందుగా అడిగి పెట్టుకుంటున్నాం అని చెబితే ఆరేళ్ల పిల్లకు అర్థమవుతుంది. అమ్మా నాన్నా ఇప్పుడే ఎక్కడికీ వెళ్లడం లేదన్న భరోసా ఆమె అసలు వెతుకుతున్నది. దాన్ని కూడా నేరుగా చెప్పండి.

మీ అత్తయ్యగారు చివర చనిపోయిన వారి కోసం చెప్పే జపాలు ఉన్నాయి కదా, వాటిలో తాతయ్య పేరు చెప్పే పని ఈ అమ్మాయికి ఇవ్వండి.

ఫిరంగిపురం మాస్టారు

చనిపోయిన వారిని స్మరించుకునే నవంబరు 2న ఆమెను సమాధి దగ్గరకు తప్పక తీసుకువెళ్లండి. పిల్లలకు భయమేస్తుందని కొందరు ఇంట్లో వదిలి వస్తున్నారు, అది నాకు నచ్చదు. మా ఊళ్లో ఆ రోజుకు ముందే సమాధులకు సున్నం వేస్తారు, బంతిపూల దండలు వేస్తారు, చీకటి పడగానే వరుసగా కొవ్వొత్తులు వెలిగిస్తారు, గురువుగారు వచ్చి దీవిస్తారు. సున్నం డబ్బా మోయడం, గాలికి ఆరిన కొవ్వొత్తిని పక్క కొవ్వొత్తితో మళ్లీ వెలిగించడం పిల్లల పనే. ముత్తాత పేరు రాతి మీద చదివి, ఆయన ఎవరని అడుగుతారు. చావు గురించి అంత నిదానంగా, అంతమంది మధ్య మాట్లాడుకునే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

విశాఖ తల్లి

మా పరిస్థితి కొంచెం వేరు, ఇలాంటివారు ఇక్కడ ఇంకా ఉంటారని రాస్తున్నాను. మావారు హిందువులు. మేత్రాణులవారి (బిషప్‌గారి) అనుమతితో గుడిలోనే మా వివాహం జరిగింది. పిల్లలను కతోలిక విశ్వాసంలో పెంచడానికి నా శక్తి కొద్దీ ప్రయత్నిస్తానని నేను ఇచ్చిన మాట ఆయనకు ముందే తెలుసు. పెళ్లికి ముందు ఆ మాట ఇవ్వడం తేలికే, ఉదయం ఆయన పూజగదిలో దీపం వెలిగిస్తుంటే మా బాబు వెళ్లి పక్కన చేతులు జోడించి నిలబడిన రోజు అసలు ప్రశ్న మొదలైంది.

మేము ఒక ఒప్పందానికి వచ్చాం. నాన్న ప్రార్థించే తీరును పిల్లలు గౌరవంగా చూస్తారు, ఎగతాళి చేయరు. వాళ్లు నేర్చుకునేది మాత్రం అమ్మ జపాలు. రాత్రి భోజనానికి ముందు కృతజ్ఞత జపం అందరికీ ఉమ్మడి. నేను జపం చెప్పాక, ఆ రోజు ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలో ఒక్కొక్కరూ చెబుతారు. మావారు కూడా చెబుతారు, సాధారణంగా వంట గురించే. జపమాల సమయంలో ఆయన సిలువ గుర్తు వేయరు, కాని టీవీ ఆపి కూర్చుంటారు. నాన్న ఆ పావుగంట ఫోను పక్కన పెట్టడం నా మాటలన్నిటికంటే బలంగా పిల్లలకు ఏదో చెబుతోందని నాకు అనిపిస్తుంది. కతోలిక భర్తలున్న నా స్నేహితురాళ్లలో కొందరికి ఈ మాత్రం దొరకడం లేదు, ఎత్తిపొడుపుగా అనుకోకండి.

బోడుప్పల్ నాన్న

విశాఖ అక్కగారి చివరి వాక్యం తండ్రులందరూ చదవాలి. పిల్లల జపం తల్లి, నానమ్మల బాధ్యత అని మనలో చాలామంది తప్పుకుంటున్నాం. 1981లో కుటుంబం గురించి రాసిన లేఖలో రెండవ జాన్ పాల్ పోపుగారు, తండ్రీ తల్లీ పిల్లలతో కలిసి ప్రార్థించినప్పుడే వాళ్ల హృదయాల లోతుల్లోకి వెళ్లగలరని, తరువాతి జీవితంలో ఏదీ చెరపలేని ముద్ర అప్పుడే పడుతుందని అన్నారు. ఆఫీసు కాల్ వచ్చిందని జపం మధ్యలో లేచే నాన్నను చూసిన పిల్లవాడు, ఏది ముఖ్యమో అప్పుడే లెక్క కట్టేస్తాడు.

మెల్‌బోర్న్ అమ్మ

మా సమస్య భాష. పిల్లలు బడిలో ఇంగ్లీషు జపాలే నేర్చుకుంటారు. ఊళ్లో ఉన్న అమ్మమ్మతో వీడియోలో జపం చెప్పేటప్పుడు ఆమె తెలుగులో మొదటి సగం చెబితే వీళ్లు ఇంగ్లీషులో రెండో సగం చెబుతారు. మొదట అమ్మకు మనసు కష్టపడింది, ఇప్పుడు అలవాటు పడింది. పరలోక జపం, మంగళవార్త, త్రిత్వస్తోత్రం మాత్రం తెలుగులో రావాలని పట్టుబట్టాను, పాటగా నేర్పితే త్వరగా వచ్చాయి. డిసెంబరులో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటినా వెలుతురు పోదు కనుక సాయంకాల జపమంటే పిల్లలు నమ్మరు, ఇంకా ఆడుకుంటామంటారు. అందుకని మా దేవరహస్యం ఉదయం బడికి వెళ్లే కారులోకి మారింది. సీటు బెల్టు కట్టుకుని ఎక్కడికీ పారిపోలేరు.

దేవమాత ప్రార్థనను కూడా పూర్తిగా వదలకండి అని తెనాలి చెల్లెలికి చెబుతాను. పిల్లలకు అది విసుగని మనం అనుకుంటాం గాని, ఉదయకాల నక్షత్రం, బంగారు మందిరం, దంతపు గోపురం లాంటి బిరుదులు వాళ్లకు బొమ్మలుగా కనిపిస్తాయి, బదులు చెప్పడమూ తేలిక. 2020లో ఫ్రాన్సిస్ పోపుగారు అందులో చేర్చిన మూడు బిరుదుల్లో వలస వచ్చినవారికి ఊరట అన్నది ఒకటి. అది వచ్చినప్పుడు మా ఇంట్లో పిల్లల కంటే నేనే గట్టిగా బదులు చెబుతాను.

గుణదల దారిలో

మా బాబుకు ఆటిజం. తొమ్మిదేళ్లు. జపం నోటితో చెప్పడు, కాని చెక్కపూసల జపమాల చేతికిస్తే, మేము ఒక్కో మంగళవార్త ముగించినప్పుడల్లా ఒక్కో పూస జరుపుతాడు, ఎప్పుడూ తప్పడు. మేము తొందరలో ఒకటి వదిలేస్తే వేలు కదలదు. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడలో జరిగే గుణదల మాత ఉత్సవాల్లో మైకులు, జనం వాడు తట్టుకోలేడు కనుక మామూలు వారపు రోజున తెల్లవారుజామునే కొండకు వెళతాం. ఆ ఖాళీ మెట్ల మీద వాడు ఎంత ఆనందంగా ఎక్కుతాడో చెప్పలేను. అల్లరి పిల్లలను గుడికి తీసుకురావడానికి సిగ్గుపడే తల్లులకు ఒక మాట: పక్కవాళ్ల చూపులు మొదటి కొన్ని వారాలే ఉంటాయి.

రెంటచింతల యువత

క్రిస్మస్ గురించి ఎవరూ రాయలేదు. మా ఇంట్లో పశువుల పాక కట్టడం పిల్లల పనే. పండుగకు ముందే వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి జొన్నలు చల్లుతాం, పండుగ నాటికి పచ్చగా మొలుస్తాయి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలమంతా తొట్టి ఖాళీగా ఉంచి, పిల్లలు మంచి పని చేసినప్పుడల్లా ఒక గడ్డిపోచ వేయమంటాం. బాల యేసు బొమ్మను అర్ధరాత్రి పూజ నుంచి వచ్చాకే పెడతాం.

సత్యోపదేశం టీచరు, గుంటూరు

గడ్డిపోచల పద్ధతి మంచిదే, నేనూ క్లాసులో చెబుతాను. అయితే మా వీధిలో ఒక ఇంట్లో ఎవరి పోచలు ఎన్ని అని లెక్కపెట్టుకుని అన్నాచెల్లెళ్లు కొట్టుకున్నారు. ఎవరు వేశారో ఎవరికీ చెప్పకూడదన్న నియమం పెడితే ఆ పోటీ ఉండదు.

ఫిరంగిపురం మాస్టారు

1223లో ఇటలీలోని గ్రెచ్చోలో పునీత అసీసి ఫ్రాన్సిసువారు ఏర్పాటు చేసిన పాకలో మేరీ, యోసేపుల బొమ్మలేవీ లేవు. గడ్డి తొట్టి, బతికున్న ఎద్దు, గాడిద మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు కొన్ని ఇళ్లలో రంగుల లైట్ల మధ్య తొట్టి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. ఆగమన కాలంలో మనం వెలిగించే కొవ్వొత్తుల చక్రం కూడా 1839లో హాంబర్గులో ఒక లూథరన్ పాస్టరుగారు అనాథ పిల్లల కోసం మొదలుపెట్టినదే. పిల్లలు క్రిస్మస్‌కు ఇంకెన్ని రోజులని ఊరికే అడుగుతూ ఉంటే లెక్క తెలియడానికి చేశారట. మంచిది ఎక్కడ నుంచి వచ్చినా తీసుకోవచ్చు.

తెనాలి కోడలు

మేము మాట్లాడుకుని ఒక ఏర్పాటుకు వచ్చాం, ఇక్కడివారికి చెప్పాలనిపించింది. మొదటి దేవరహస్యం, పాట, నుదుటి సిలువ పిల్లలతో ముందుగా అయిపోతాయి. తాతయ్య పేరు అమ్మాయి చెబుతుంది, కొవ్వొత్తి చిన్నవాడు ఊదుతాడు. ఆ తరువాత వాళ్లు పక్కనే చాప మీద ఆడుకోవచ్చు, పడుకోవచ్చు. అత్తయ్యగారు మళ్లీ కొవ్వొత్తి వెలిగించి మిగతా నాలుగు రహస్యాలూ తన పద్ధతిలో పూర్తి చేస్తారు, మా ఇద్దరిలో ఒకరం ఆమెతో కూర్చుంటాం. పిల్లలను పంపేయడం కాదు, వినబడేంత దూరంలో ఉంచడమే అన్న షరతు ఆమెది. మావారు సిలువ వేయడానికి మొదట మొహమాటపడ్డారు. ఇదంతా ఎన్నాళ్లు సాగుతుందో చూడాలి. చిన్నవాడు ఇప్పటికే రెండో కొవ్వొత్తి కూడా తనదే అంటున్నాడు.

రెంటచింతల యువత

అక్కా, ఏర్పాటు బాగుంది. టీచరుగారూ, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం గురించి ఒక్క ప్రశ్న. యేసు సిలువ మోసిన దారిని స్థలం వెంట స్థలంగా ధ్యానించే శుక్రవారపు సిలువ మార్గానికి అయిదేళ్ల పిల్లలను తీసుకురావచ్చా? మా అక్క కూతురు తాను కూడా ఒక పొద్దు ఉంటానని మొండికేస్తోంది.

సత్యోపదేశం టీచరు, గుంటూరు

తీసుకురండి, కాని పద్నాలుగు స్థలాలూ వాళ్లను నిలబెట్టకండి. యేసు తన తల్లిని కలుసుకోవడం, సిరేనియ సీమోను సాయం చేయడం, వెరోనికమ్మ ముఖం తుడవడం, ఈ మూడూ పిల్లలకు బాగా పడతాయి, ఎందుకంటే ఆ మూడింటిలోనూ ఎవరో ఒకరు దగ్గరకు వస్తారు. మేకులు కొట్టే ఘట్టాన్ని అయిదేళ్ల పిల్లకు వర్ణించి చెప్పాల్సిన అవసరం లేదు. ఇంట్లో చేసుకునేటట్టయితే ఒక్కో శుక్రవారం ఒక్కో స్థలం చాలు.

ఉపవాసం విషయంలో శ్రీసభ చట్టం స్పష్టంగా ఉంది. ఉపవాస నియమం పద్దెనిమిదేళ్లు నిండిన వారి నుంచి యాభై తొమ్మిదేళ్లు నిండే వరకు, మాంసం మానే నియమం పద్నాలుగేళ్లు నిండిన వారికి వర్తిస్తుంది. ఆ వయసు రాని పిల్లలకు తపస్సు అంటే ఏమిటో తెలిసేలా చేయడం తల్లిదండ్రుల, గురువుల బాధ్యత అని అదే చట్టం చెబుతుంది. అందుకని ఆ పాపను అన్నం మాననివ్వకండి. చాక్లెట్ మానుతానంటే సరే, ఆ డబ్బు ఒక డబ్బాలో వేయించి, అది ఎవరికి ఇవ్వాలో ఆమెనే నిర్ణయించమనండి. మా క్లాసులో ఒక అమ్మాయి గుడి ఊడ్చే అవ్వకు చెప్పులు కొనాలని నిర్ణయించింది. సైజు తెలియక ఆమె పాదం చుట్టూ కాగితం మీద పెన్సిలుతో గీసుకుని వచ్చింది.